ఎనభైనాలుగో పేజీ

ములుగు రోడ్డు ఆటోనగర్ల
మా షెడ్డు రేకుల కింద
పానాల డబ్బా పక్కన ఒక పుస్తకముంటది.
కార్ల పత్రిక.
కొనేటోళ్ల కోసం కాదు,
లీటరుకెంత పోతది, డిక్కీల ఎన్ని సంచులు పడతయ్
ఒక్క ముక్క రాయదు.
బండి నడుపుట్ల ఉండే సంబరం, గంతే,
నూటపది పేజీలు, నున్నటి కాయితం మీద.

హన్మకొండల ఎవరో పండ్ల డాక్టరు
నెలనెలా తెప్పించుకుంటడట,
ఏడాదికోపారి పాతకాయితాల గిర్మాజికి తూకానికేస్తడు.
గిర్మాజి మా మొగిలన్న కోసం పక్కకు పెడతడు.
కిలో లెక్క కాదు, బొమ్మ లెక్క:
అట్ట మీద ఎర్ర కారుంటే ఇరవై,
తెల్లదైతే పది.

మొగిలన్నకు ఇంగ్లీషు రాదు.
ఇంజను దగ్గితే ఏ వాల్వుకు జలుబో చెప్తడు,
అక్షరం జూస్తే మెడ గోక్కుంటడు.
అందుకే మేనకోడలు సుజన
పాలిటెక్నిక్ నుంచి వచ్చుకుంట
బానెట్ మీద బ్యాగు పడేసి చదివి చెప్తది.

"మలుపుల ముందు చక్రాలు మాటినవట మామా."
"మొండెద్దు. ఎటు గుంజినా ముంగటికే పోతది."
"ఎనుక భాగం జారుతదట."
"తడి బండ మీద బర్రె."
"స్టీరింగు చేతులతోటి మాట్లాడుతదట."
దీనికి మాత్రం ఆయన పోలిక చెప్పలే.
పాన కింద పెట్టిండు.
"మల్ల చదువు" అన్నడు.

పోయిన చలికాలం దొరికిన పుస్తకంల
ఒకాయన ఎక్కడిదో కొండదారిల నడిపిండు.
ఒక్క మలుపుకు రెండు పేజీలు!
నాకు నవ్వాగలే.
మా ఊరికి బస్సు బందైతే
పేపర్ల నాలుగు లైన్లు రాలే.
మొగిలన్న నవ్వలే.
"బ్రేకు మీంచి కాలు తీసిన,
కారు ఊపిరి బిగబట్టింది, అప్పుడు"
సుజన ఆగింది.
మిగతాది ఎనభైనాలుగో పేజీలనట.
ఎనభైరెండు తర్వాత ఎనభైఏడుంది.
నడుమ కాయితాలు
ఏ మిర్చీల నూనె పీల్చినయో.

ఆ ఆదివారం పొద్దుగాల నాలుగింటికి
నన్ను లేపి ఎస్టీంల కూసోబెట్టిండు.
ఆ బండికి ఒక్క పుట్టుక లేదు:
బాడీ జనగామ కాడ బోల్తాపడ్డది,
ఇంజను కరీంనగర్ వకీలుది,
సీట్లు రెండే, అవి జోడు గావు.
ఆత్మకూరు, మల్లంపల్లి,
గట్టమ్మకు దండం, ములుగుల చాయ,
ఎక్కడా తొందరపడలే.
పస్రా దాటినంక అద్దాలు దించిండు.
టేకుచెట్ల నడుమ రోడ్డు నల్లగ,
మంచుకు కొంచెం చెమటపట్టి.
మూడు మలుపులు ఊకెనే పోయినయ్.
నాలుగోది కుడికి, లోపలికి ముడుచుకున్నది.
"ఇదే" అన్నడు.
ఎట్ల తెల్సిందో.

బ్రేకు మీంచి కాలు తీసిండు,
కారు ఊపిరి బిగబట్టింది, అప్పుడు

పచ్చాకు వాసన.
నా ఎడమ భుజం తలుపుకు అంటుకున్నది.
ముల్లు డెబ్బై కూడ దాటలే,
పుస్తకంల కార్లు రెండొందలు పోతయ్.
ఆయన చేతుల్ల చక్రం
దొరికిన పిట్ట లెక్క సన్నగ కొట్టుకున్నది.
అంతే. మలుపు అయిపోయింది.
రాయి మీది కోతి
మమ్ముల జూడలే, పిల్లకు పేలు జూస్తుంది.

బండి మలిపి మల్ల అదే మలుపు.
ఏడుసార్లు.
ఏడోసారి బాగ రాలే,
తనను తనే తిట్టుకుంట వాపసొచ్చిండు.

సోమవారం సుజన అడిగింది,
ఏముండె మామా ఆ పేజీల?
జాబ్ కార్డు ఎనుక రాసుకొమ్మన్నడు.
చాన సేపు గోర్ల గ్రీజే తీసిండు.
"రోడ్డు అరచేతులకొచ్చింది.
ఎడమ చెయ్యి కొంచెం తేలిక.
దిగి సూస్తె ముందు ఎడమ టైర్ల
గాలి రెండు పాయింట్లు తక్కువుంది.
నిజంగనే మాట్లాడుతది బిడ్డా.
పెట్రోలు తొమ్మిదొందలు.
మీ అత్తకు చెప్పకు."

ఆమె అన్నీ రాసింది,
అత్తకు చెప్పకు అన్నది కూడ.
గమ్ము లేకుంటే పంచరు సొల్యూషన్ పూసి
ఎనభైరెండుకూ ఎనభైఏడుకూ నడుమ అతికించింది.