ఇరవై రెండు డిగ్రీలు

షార్జాల నేను తోలేది మనుషుల బండి కాదు.
వెనక ఒక తెల్ల డబ్బ,
డబ్బల పన్నెండు అరలు,
ఒక్కో అరల ఒక మైనం బిళ్ళ,
మైనంల గోరంత మాంసం.
ఎవరిదో నాకు తెల్వది,
సన్నటి నల్లగీతల ముద్రే దాని పేరు.

ఇరవై రెండు డిగ్రీలు దాటొద్దన్నరు.
దాటితే డబ్బ కూత పెడ్తది,
నా జీతంల కోత పడ్తది.
కార్గో గేటు కాడ దించి వస్త.
మర్నాటికి జర్మనీల
ముగ్గురు పెద్ద డాక్టర్లు
దాని మీదికి వంగి చూస్తరట.

లింబాద్రిది నా మీది మంచం,
సజ్జా క్యాంపుల, ఎనిమిది మంది రూంల.
నలభై ఎనిమిది డిగ్రీల పరంజ కడ్తడు.
వాడు కూత పెట్టడు.

తొడ మీద మొదలు కుంకుడు గింజంత.
"కండ పట్టింది" అన్నడు కంపెనీ డాక్టరు,
చెయ్యి పెట్టి చూడకుంటనే పనడాల్ రాసిండు.
రంజాన్ నాటికి నిమ్మకాయంత.
"కొవ్వు గడ్డ" అన్నడు. మళ్ళ పనడాల్.
బక్రీద్ దాటినంక
నిచ్చెన ఎక్కలేక నా మంచం అడిగిండు.
ఇచ్చిన.
నా చేతుల ఉన్నది అదొక్కటే.

పదకొండో నెలల సూదేసి తీసిండ్రు.
మా ల్యాబుకే వచ్చింది, తెచ్చింది నేనే.
లక్షల ఒక్కనికి వస్తదట,
అందుకే ఇక్కడ ఎవరూ గుర్తు పట్టలేరట,
ఇంకో పరీక్ష కావాల్నట,
వాని ఇన్సూరెన్స్ కార్డు మీద ఆ పరీక్ష లేదట.
లక్షల ఒక్కడు!
ఎవరు లెక్కపెట్టిండ్రో, ఎక్కడి లక్షనో,
అండ్ల మా క్యాంపు ఉన్నదా అని అడుగుదామనుకున్న.
కౌంటర్ల పిల్ల అప్పటికే ఇంకో ఫోన్ ఎత్తింది.
బిళ్ళకు పసుపు చీటి అంటించి
పై అర మీద పెట్టింది.

ఓ రాత్రి
డబ్బల పదమూడో బిళ్ళ పెట్టిన.
అర లేదు. రెండు అరల నడుమ దూది పరిచి
పిట్టగుడ్డును పెట్టినట్టు పెట్టిన.
ఎవరన్న ఒక్కసారి వంగితే చాలు అనుకున్న.
నేషనల్ పెయింట్స్ కాడ ట్రాఫిక్ ఆగింది.
ముందట దుబాయ్ దాక ఎర్రలైట్లు.
నా వీసా యాదికొచ్చింది,
ఏజెంటు అప్పు, దాని వడ్డీ.
తీసి అంగి జేబుల ఏసుకున్న.
తెల్లారి మళ్ళ అదే అర మీద,
అదే పసుపు చీటితోని.
ఈ మాట లింబాద్రికి ఇంకా చెప్పలే.

ఆ నెలల్నే పనికి పనికిరాడని వీసా కొట్టేసిండ్రు.
ఇప్పుడు శుక్రారం శుక్రారం ఇంటి కాడి నుంచి ఫోన్ చేస్తడు.
హైదరాబాద్ దవాఖానల
మళ్ళ సూది ఏయనీకి రెండు నెలలకు తారీఖు ఇచ్చిండ్రట.
కాగితంల రోగం పేరు రాసే జాగ ఖాళీ,
పేరు లేకుంటే మందు మంజూరు కాదట.
"పేరు పెట్టిండ్రా?" అని అడుగుతడు,
ఇరవయ్యొక్కటో దినం తొట్టెల కాడ అడిగినట్టు.
అడిగి, నవ్వుతడు కూడ.
"ఇంకా లేదు" అంట.

ఇయ్యాల పన్నెండే.
అద్దంలకెల్లి వెనక్కి చూసిన.
డబ్బ మీద పచ్చలైటు,
ఇరవై రెండు.
అంతా బాగనే ఉన్నదంటది.