చెప్పులో ఫోను

సోంపేటలో జెరాక్సు షాపు మేడ మీద గది.
అద్దె రెండు వేల రెండొందలు.
ఫ్యాను మూడో నంబరు దాటితే గోడ మీది కాగితాలు లేస్తాయి.
ఢిల్లేశు కోడు రాస్తాడు. నేను పెన్సిలుతో లెక్క రాస్తాను.

ఉద్దానంలో చెట్టున్నవాడికి ఎక్కేవాడు దొరకడు,
ఎక్కేవాడికి ఏ తోటలో కాయ ముదిరిందో తెలీదు.
మధ్యలో మేము. చెట్టుకి మూడు రూపాయలు.
నలభై అయిదు రోజులకో దింపు, ఏడాదికి ఎనిమిది,
చెట్ల పక్కన సున్నాలు పెట్టుకుంటూ పోయాను
సున్నాకి ఖర్చేముంది.

దండాసి మామ టీ తాగుతూ అంతా విన్నాడు.
చొక్కా గుండీల మధ్య, గుండె మీద
మానులు రాసిన నల్లటి కాయలు.
"బాగుందమ్మా. మొదటిపాలి నీ యాప్ పంపుతాది, ఎల్తాను.
రెండోపాలికి నా నంబరు
ఆళ్ల గోడ మీద బొగ్గుతో రాసుంటాది.
అప్పుడు నీకు మూడు రూపాయలు ఎవుడిత్తాడు?
ఏటికిత్తాడు?"

ఢిల్లేశు వేళ్లు ఆగాయి.

ఏటికిత్తాడు.
ఆ మాట కాగితం మీద రాసి గోడకి కొట్టబోతే
మేకు దిగలేదు, సున్నం రాలింది.
టేపుతో అంటించాను.

మర్నాడు బారువ దారిలో ఆయన వెంట వెళ్లాను.
చెట్టు మొదట్లో చెప్పులు విడిచి
ఎడమ చెప్పులో ఫోను పెట్టి
కాళ్లకి బంధం, నడుముకి కత్తి, పైకి.
మేం పెట్టిన రూలు:
ముప్పై సెకన్లలో "సరే" నొక్కాలి, లేదంటే పని ఇంకొకడికి.
పరీక్షకి నేనే పిలుపు పంపాను.
చెప్పులో ఫోను మోగింది, మోగింది,
ఒక గండుచీమ దాని మీదికెక్కి, దడిసి దిగింది.
పైనుంచి గెల ఒకటి, దబ్బున.
ఫోను ఆగిపోయింది.

రాత్రి ముప్పై సెకన్లు కొట్టేసి
"దిగేదాకా" అని రాశాను.
దిగేదాకా అంటే ఎంతసేపు, మిషనుకి ఏం చెప్పమంటావు
అన్నాడు ఢిల్లేశు.
అప్పుడు గుర్తొచ్చింది, అంతకుముందేడు మట్ట జారి
మామ నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు.
ఆ నాలుగు నెలలు నా లెక్కలో ఏ గడిలోనూ లేవు.

మూడు రూపాయల్ని విరగ్గొట్టాను.
ఒకటి సర్వరుకి. ఒకటి, పడిన రోజుకి.
మాకు మిగిలింది అద్దెకి చాలదు.
నాలుగు చేస్తే రైతు ఉంటాడా?
పడితే చూసుకుంటారంటే
రెండోపాలీ మా దారినే పిలుస్తాడా?
ముప్పై తోటలు తిరిగి అడగాలి, అడిగి తెలుసుకోవాలి,
కంచిలి నుంచి మొదలెట్టి.

లాభం ఎన్నో నెల నుంచి అన్న గడిలో
నిన్నటిదాకా "ఆరు" ఉండేది.
ఇప్పుడు రబ్బరు పొట్టు ఉంది.
ఊదలేదు ఇంకా.