ఊదారంగు రాయి

బాయిలర్ వెలిగించడం నా పని.
నలభై ఏళ్లుగా ఈ చాపెల్ తాళాలు నా జేబులోనే.
మూడొందల మంది పట్టే బల్లల్లో
ఇప్పుడు ఆరుగురం,
ఎవరి మూల వాళ్లది.
వేల్స్ చలికి కూడా దగ్గరికి జరగని పంతం.

మడగాస్కర్ నుంచి పాస్టరమ్మ వస్తోందంటే
మేరెడ్ నవ్వింది:
"అయితే ఇప్పుడు అన్యజనులం మనమేనా?"
ఎవరూ జవాబివ్వలేదు.

వువాంగి వచ్చింది. రెండు స్వెటర్లు, మీద ఎవరిదో మగకోటు.
ప్రసంగం కన్నా ముందు
ఓ నిమ్మచెక్క, గుప్పెడు ఉప్పు అడిగింది.
కుర్చీ ఎక్కి, గోడ మీది ఇత్తడి పలకను తోమింది.
మా ఊరు సముద్రం దాటించినవాళ్ల పేర్లవి.
చూసీ చూసీ చదవడం మానేశాం.
ఎల్లిస్ పెన్రీ. రేవులో దిగిన నలభయ్యో రోజున, జ్వరం.
ఒక్కరికైనా సువార్త చెప్పాడో లేదో
పలక చెప్పదు.

ఆమె వేలు అక్కడ ఆగింది.
"ఈయన మా ఊళ్లోనే ఉన్నాడు" అంది
పక్కింటాయన గురించి చెప్పినట్టు.
"ఆ సమాధి రాతి మీదే మా అమ్మమ్మ లవంగాలు ఆరబోసేది.
కోళ్లు తొక్కకుండా నేను కాపలా."

"ఏ రంగు రాయి?" అన్నాను.
"ఊదా. వాన పడితే నేరేడుపండు."

కుర్చీని పట్టుకున్న నా చేయి వణికింది.
ఆ పొర మా క్వారీలో, మూడో మెట్టున తప్ప లేదు.
ముప్పై ఏళ్లు దాన్ని ఉలితో చీల్చినవాణ్ణి.
మావాళ్లెవరో చెక్కి, ఓడలో గడ్డి మీద పడుకోబెట్టి
పంపించి ఉంటారు.
రాయి వెళ్లింది.
ఆ తర్వాత మేమెవరం వెళ్లలేదు.

ఆదివారం ఆమె "మీరు వెళ్లి" అన్న రెండు మాటలు చదివి
పుస్తకం మూసేసింది.
"నాతో వీధిలోకి ఎవరొస్తారు?"
బాయిలర్ గురక ఒక్కటే వినబడింది.
నేను సాక్ష్యం చెప్పే మనిషిని కాను,
ప్రార్థన కూడా పెదవి కదపకుండానే.
కాకపోతే గొడుగు నా దగ్గరే ఉంది.

మొదటి తలుపు తెరుచుకోలేదు.
రెండోది తెరుచుకుని, మూసుకుంది.
మూడో ఇంట్లో కుర్రాడు, చెవికి రింగు,
చేతిలో సగం కొరికిన టోస్టు:
"ఏం అమ్ముతున్నారు?"
"ఏమీ లేదు బాబూ. మీ ఊరికి బాకీ ఉన్నాం."

వాడు నా వంక చూశాడు.
ఎవరు ఎవరికి బాకీనో
ఆ వానలో నాకూ అంతుపట్టలేదు.
"కుక్క కరవదులే" అన్నాడు, "తడుస్తున్నారు, రండి."
ఆమె వెళ్లింది.
నేను గొడుగు ఎక్కడ పెట్టాలో తెలీక
కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను.