గంతకు తగ్గ బొంత

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా పది.
టేపు లాగి మూడోసారి కొలుస్తున్నా.
ఎత్తు నలభై రెండున్నర, వెడల్పు ఇరవై మూడు.
లోతు మాత్రం ఒక్కో చోట ఒక్కో మాట చెబుతోంది,
వెనక గోడ లోపలికి కుంగిందేమో.

బండి వయసు ముప్పై నాలుగేళ్ళు.
ఒక మంచం, ఒక సింకు, రెండు కళ్ళ పొయ్యి,
కూర్చుంటే మోకాళ్ళు తలుపుకు తగిలే పాయిఖానా,
గ్యాసుకైనా కరెంటుకైనా పలికే ఫ్రిజ్జు.
ఆ ఫ్రిజ్జే పోయింది.

దానికి మోటారు లేదు, చప్పుడు లేదు.
వెనక గోరంత నీలిమంట వెలిగితే
లోపల మంచు కట్టేది.
నిప్పు పెడితే చల్లబడుతుందని మొదటిసారి విన్నప్పుడు
మేస్త్రీ నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నా.
ఇప్పుడు గొట్టాల కింద పసుప్పచ్చ పొడి రాలింది.
అమ్మోనియా ఘాటు కళ్ళలో పొడిచింది.
అది రాలిందంటే ఇక లేవదు.

ఉమ్ ఖల్ఫాన్ బండి మెట్టు మీద కూర్చుని
గావా తాగుతూ అడుగుతుంది: "ఖలాస్?"
"ఫ్రిజ్జు ఖలాస్ మామా. బండి కాదు."
చలికాలమంతా బదాయర్ ఇసుకలో ఉంటుందామె,
పదకొండు ఒంటెలతో.
కొడుకులు కొత్త బండి కొనిస్తామంటే
దానికి నా నడుము సంగతేం తెలుసు, అందట.
ఒంటెపాలు విరక్కుంటే చాలు ఆమెకు.

కొత్త సరుకు దుకాణంలో మలబారు కుర్రాడు
నా కాగితం చూసి నవ్వాడు:
"అంగుళాలా చేట్టా!"
ఒకటి రెండు వేళ్ళు ఎక్కువ పొడుగు.
ఒకటి జానెడు పొట్టి.
అన్నీ కుదిరినది ఒకటుంది, బండి తలుపులోంచి దూరదు.
ముందద్దం ఊడదీసి దూర్చవచ్చు గానీ
ఆ అద్దం చుట్టూ రబ్బరు మళ్ళీ ఎక్కడ దొరకాలి?

మా అవ్వ పెళ్ళి సంబంధాలప్పుడు అనేది,
గంతకు తగ్గ బొంత అని.
నాకు కంతకు తగ్గ బొంత కావాలి, అంతే.

సజా పాతసామాన్ల యార్డులో, గుల్ జమాన్ దగ్గర,
ఎండలో ఫ్రిజ్జులు వెల్లకిలా పడి ఉన్నాయి.
తలుపులు తెరుస్తూ పోయా.
ఒకదాంట్లో రాయిలా ఎండిన నిమ్మకాయ.
ఒకదాంట్లో ఏ పిల్లదో అంటించిన చేప బొమ్మ.
నీడకు నిలబెట్టిన ఒకదాంట్లో, కింది అరలో,
పిల్లి. దాని కింద నాలుగు పిల్లలు,
కళ్ళు ఇంకా తెరవలేదు.

టేపు పెట్టా. పిల్లి నన్నే చూస్తోంది.
నలభై రెండు. ఇరవై మూడుకి కాస్త తక్కువ.
గొట్టాలు తడిమా, పసుపు పొడి లేదు.

"కిరాయిదారులున్నారు" అన్నాడు గుల్ జమాన్.
"వాళ్ళు ఖాళీ చేశాకే అమ్ముతా."
నూట యాభై దిర్హాములు ఎక్కువిస్తానన్నా.
తల అడ్డంగా ఊపి టీ పోశాడు.
మా గదిలో ఎనిమిది మందికి ఒకటే ఫ్రిజ్జు,
నా పేరు రాసిన అర సగం నాది.
ఇంక నేనేం వాదించను?

ఉమ్ ఖల్ఫాన్‌కు చెబితే
గావా కప్పు కింద పెట్టి చాలాసేపు నవ్వింది.
మర్నాడు డ్రైవరుతో చేపలు పంపింది, పిల్లికి.
పదహారు రోజులు ఆమె పాలు ఐసుపెట్టెలో ఉన్నాయి.
మూడుసార్లు విరిగాయి.

పదిహేడో రోజు పిల్లి తనే
ఒక్కోదాన్ని మెడ పట్టుకుని
వాషింగ్ మెషిన్‌లోకి మార్చుకుంది.

బిగించాక పైన అరంగుళం సందు మిగిలింది.
నా పాత బొంత ముక్క కుక్కుదామనిపించింది.
మంట దగ్గర గుడ్డ పెట్టకూడదు.
అల్యూమినియం పట్టీ కోసి రివెట్లు కొట్టా.

గ్లాసుతో నీళ్ళు పెట్టి బండి మట్టం చూశా.
ఒరిగితే ఇది పలకదు.
నీలిమంట అంటుకుంది.
చల్లబడడానికి రాత్రంతా పడుతుంది,
కాపలా ఉండమంది ఆమె.
తొమ్మిదేళ్ళలో మొదటిసారి
ఇంకొకరి గురక లేని చోట పడుకున్నా.
నిద్ర పట్టలేదు.
నాలుగింటికి లేచి తలుపు తీశా.
గ్లాసులో నీళ్ళ మీద పలచటి పొర.
దాని మధ్యలో ఒక పిల్లి వెంట్రుక.