అభ్యంతరాలకు ముప్పై రోజులు

మహారాణిపేట రిజిస్ట్రారాఫీసులో
నోటీసు బోర్డుకి పిన్నులు గుచ్చే పని నాది.
ఇవాళ గుచ్చిన కాగితంలో
వరుడు: రణధీర చంద్రదేవు.
వృత్తి గడి ఖాళీ.
వధువు: గరికిన నూకరత్నం,
పోర్టులో క్రేన్ ఆపరేటరు.

మర్నాడే దిగాడు దివానుగారి మనవడు,
చంకలో వంశవృక్షం, వెంట అత్తరు వాసన.
"సింహాసనం ఎక్కేవాడు
రాచకన్యనే చేసుకోవాలని శాసనం."
సింహాసనం ఎక్కడుందండీ అన్నాను.
గోడౌన్‌లో ఉందట,
ఒక కోడు విరిగి.

పూర్ణా మార్కెట్లో వంజరం కోస్తూ
అప్పయమ్మా అదే మాట:
"రాజంటే రాజునాగుండాల గదేటి?
మన పిల్లని సేసుకున్నోడు
ఇంకేటి రాజు?"
పొలుసులు ఎగిరి నా చొక్కా మీద పడ్డాయి.
ఆవిడ నూకరత్నానికి సొంత మేనత్త.

అభ్యంతరాల పుస్తకం సగం నిండింది.
శిస్తు కట్టి ఎరగని వాళ్ళందరూ
పరువు లెక్క అడుగుతున్నారు.

ఇరవైతొమ్మిదో రోజు, షిఫ్టు దిగి,
పసుపుపచ్చ హెల్మెట్‌తో ఆ పిల్లే వచ్చింది.
సముద్రగాలికి ఊడిన పిన్ను
తనే గుచ్చింది.
"ఆయన వృత్తి రాయలేదమ్మా," అన్నాను.
"ఎతుక్కుంటన్నాడు. రాసుకో."

పెన్సిలుతో రాశాను.
పెన్నుతో అయితే
మళ్ళీ కొత్త ఫారం కావాలి.