చాప బరువు

తూకం ఎక్కే ముందు
టోకిలూపే చెప్పులు విప్పింది.
చెవిపోగులు తీసి నా అరచేతిలో పెట్టింది,
కొప్పులోని దువ్వెన కూడా.
నడుముకు చుట్టుకున్న చాప మాత్రం విప్పలేదు.

వాళ్ళ నాన్న పోయి ఇరవై రెండు రోజులు.
మా దీవుల్లో చావుని నడుముకు చుట్టుకుంటాం.
ఎంత దగ్గరి మనిషి పోతే
అంత పాత చాప, అంత పెద్దది, అన్ని చిరుగులు.
ఆమెది రొమ్ముల దాకా లేచి
మోకాళ్ళ కిందికి వేలాడుతోంది.
ఆరో నెల కడుపు దాని వెనక
తెరచాపలో గాలిలా ఉంది.

ముల్లు వణికి వణికి
తొంభై ఎనిమిది దగ్గర ఆగింది.

పోయిన నెల తొంభై రెండు.
కలం ఎత్తాను, కార్డు మీద దించలేకపోయాను.
ఈ ఆరు కిలోల్లో చాప ఎంత? బిడ్డ ఎంత?
తొమ్మిది రోజులు పడవల మీద పెట్టెలుగా దిగిన
కోడి తొడలెంత, డబ్బా మాంసమెంత?
కార్డులో ఉన్నది ఒక్కటే గడి.

"తిండి మానమంటావా?" అంది, నేనేమీ అనకముందే.
"మా అత్త వైమోఆనా కంచం పెట్టి ఎదురుగా కూర్చుంటుంది.
కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు, లోపల మాంసం.
సగంలో ఆపితే
మీ నాన్న పేరు మీద వండింది పారేస్తావా అంటుంది."

ఆ కంచం నాకూ తెలుసు.
నా తొలిచూలుకి ఇద్దరి కూడు నేనూ తిన్నాను.
రక్తంలోకి చక్కెర చేరుతుందని
అప్పుడు చెప్పినవాళ్ళు లేరు.
నాలుగున్నర కిలోల పిల్లాడు, భుజం చిక్కుకుని
లాగితే గాని రాలేదు.
ఈనాటికీ వాడి ఎడమ చెయ్యి తలదాకా లేవదు.
వల విసిరేటప్పుడు ఒళ్ళంతా కుడికి తిప్పుతాడు,
చూసినవాళ్ళు అదేదో కొత్త విద్య అనుకుంటారు.

ఈ మాట నోటి చివరిదాకా వచ్చింది.
మింగేశాను.
నెలలు నిండుతున్న మనిషి ముందు
కొన్ని తలుపులు తీయకూడదు.

గోడ మీద నుకుఅలోఫా నుంచి వచ్చిన కాగితం:
ఒక చేప, ఒక బొప్పాయి, నవ్వుతూ ఒక తల్లి.
మంచి చేపలన్నీ తెల్లారకముందే
మంచుపెట్టెల్లో పరదేశం వెళ్ళిపోతాయి.
రేవులో మిగిలేది వాటి ధర.
డబ్బా మాంసం కొట్టు నిండా ఉంటుంది, అప్పు కూడా ఇస్తారు.
ఆ కాగితం గీసినవాళ్ళు
పంగాయి రేవులో ఎప్పుడైనా బేరమాడారో లేదో.

అందుకే కాగితం వైపు వేలు చూపించలేదు.
"ఆకు రెండింతలు వెయ్యమను, కొబ్బరి ఒక చిప్పది చాలు.
ఆ ఎర్రటి తీపినీళ్ళ సీసా
వచ్చినవాళ్ళకే పొయ్యి, నువ్వు తాగకు.
పొద్దు వాలాక సమాధి దాకా నడిచి వెళ్ళు.
ఎవరూ కాదనరు, ఎవరూ నీతో కంచం పట్టుకుని రారు."

చివరి మాటకి నవ్వింది.
ఇరవై రెండు రోజుల్లో అదే మొదటిసారేమో,
నవ్వాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తర్వాత తనే తెర వెనక్కి వెళ్ళి
పీచు తాడు ముడి విప్పింది.
"పట్టుకో. కింద పెట్టకు."

రెండు చేతులూ చాచాను.
పొగ వాసన, కొబ్బరినూనె, ఎవరిదో పాత చెమట.
ఎవరి నాన్న కోసం ఎవరు కట్టుకున్నదో
అంతకు ముందు, ఇంకా అంతకు ముందు.

ముల్లు తొంభై నాలుగున్నర.
చాప మూడున్నర.

మూడున్నర కిలోలు
ముంజేతుల మీద ఎలా పడుకుంటాయో
ఇరవై ఆరేళ్ళుగా నాకు తెలుసు.
తెలియకుండానే కాస్త ఊపాను.

గడిలో తొంభై నాలుగున్నర అని రాశాను.
తాడు మళ్ళీ బిగించుకుంటూ అడిగింది:
"కాల్చిన సీమపనస ఎంత తినొచ్చు?"

"అరచెయ్యంత."

తన అరచెయ్యి చూసుకుంది. నాది లాక్కుని చూసింది.
"నీదే పెద్దది," అని
నా చేతి చుట్టూ వేలితో గీసి
ఆ కొలత పట్టుకుని వెళ్ళిపోయింది.