బాలసముద్రం, రెండో అంతస్తు

ఫాతిమానగర్‌ల రైల్వే గార్డు ఇన్నయ్య సారు
క్వార్టరు ఖాళీ చేస్తూ సముద్రాన్ని అమ్మకానికి పెట్టిండు.
రెండడుగుల గాజుపెట్టె, ఒక హీటరు, చిన్న పంపు,
మూలకు పగిలి సిలికాన్‌తో అతికిన గీత.
ఆరు వేలు అన్నడు. నాలుగున్నరకు ఒప్పుకొని
"చేపలకు బేరం లేదు, పెట్టెతోటే వస్తయి" అన్నడు.

పాతనీళ్ళు పారబోయొద్దన్నడు.
మూడు మంచినీళ్ళ క్యాన్లల్ల నింపినం.
రాళ్ళను తడితువ్వాలల్ల చుట్టినం,
తమలపాకుల కట్టలను చుట్టినట్టు.
నారింజ చేపలు రెండు, అద్దంలాంటి రొయ్య ఒకటి
బియ్యం డబ్బాల, మూతకింద.

ఆటో సమ్మయ్య వంగి చూసి
"ఉప్పునీళ్ళా? ఊర్ల నీళ్ళు సాలయా మేడం?" అన్నడు.
కాజీపేట బ్రిడ్జి మీద పది నిమిషాలు ఆగినం.
కింద గూడ్సుబండి, పైన మే నెల.
ఒడిల డబ్బా వేడెక్కుతుంటే
చున్నీ తడిపి దాని మీద కప్పి
ఒక్కో గుంతను పేరుపెట్టి తిట్టిన.
"ఏడికి పోతున్నరు?" అని పక్క బండాయన,
"బాలసముద్రం" అని సమ్మయ్య.
నవ్వింది నేనొక్కదాన్నే.

ఇసుక కొత్తది వేయమన్నడు సారు.
మూడొందలు మిగుల్తయని పాతదే వేసిన.
నల్లటి అడుగు లేచి కుళ్ళిన కోడిగుడ్డు వాసన
మెట్లు దిగి ఓనరు దాకా పోయింది.
అర్ధరాత్రి దాకా గిన్నెతోటి తోడిన.
గాలిపంపు గుర్రుపెడుతుంటే
చేపలు డబ్బాలనే, నేను నేలమీదనే.

ఎంజీఎం ల్యాబుల పదకొండేండ్ల సర్వీసు నాది.
ఊరందరి నెత్తురు చూసి లెక్కలు చెప్పినదాన్ని,
ఐదు మిల్లీలీటర్ల నీళ్ళల్ల ఎనిమిది చుక్కలేసి
పసుపో పచ్చనో తేల్చుకోలేక
గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టి
పేషెంటు తరఫు మనిషిలెక్క నిలబడ్డ.

నాలుగోనాడు తెల్లారి
రొయ్య రాయి మీద ఎల్లకిల పడున్నది.
మీసాలు ఉన్నయి, కండ్లు ఉన్నయి,
లోపల ఏమీ లేదు.
సారుకు ఫోన్ చేసి గొంతు రాక ఊకున్న.
"అంగీ విడిచింది తల్లీ. రాయెనక చూడు,
కొత్త ఒంటికి సిగ్గుపడి దాక్కుంటది."
ఉన్నది.

ఎండలకు రోజుకు వేలెడు తగ్గేది నీళ్ళు.
తగ్గినప్పుడల్లా ఉప్పు కలిపే పోసిన, వారం రోజులు.
చేపలు ఒక మూలకు చేరి
రెక్కలు ముడుచుకొని ఊపిరి ఎగబీల్చినయి.
"పోయేది నీళ్ళే" అన్నడు సారు,
"ఉప్పు ఏడికీ పోదు. వట్టి నీళ్ళు పోయి."
కొంచెంసేపు ఇద్దరం మాట్లాడలే.
ఆయన వెనక ఏదో బండి లేటని అనౌన్సుమెంటు.
రిటైరైనంక కూడా సాయంత్రాలు ప్లాట్‌ఫారం మీదనేనట.

ఇప్పుడు రోజూ ఏడింటికి ఫోన్.
"ఎంతున్నది?"
"ఒకటి పాయింట్ సున్నా రెండు ఐదు."
"రైట్" అంటడు,
పచ్చజెండా ఊపినట్టు. పెట్టేస్తడు.

మొన్న గాలిదుమారానికి కరెంటు పోయింది.
స్టీలు గ్లాసు ముంచి, చెయ్యెత్తి పైనుంచి పోసుడు,
చాయ్ తిరగబోసినట్టు, గాలి కలవాలె గదా.
పక్కపోర్షన్ తబస్సుమ్ ఒక గంట, నేనొక గంట.
మధ్యల ఆమె తన అత్త మీద చాడీలన్నీ చెప్పింది.
రెండున్నరకు ఫ్యాను తిరిగింది.
పెద్ద చేప అద్దం దాకా వచ్చి
మా ఇద్దరి మొఖాలు చూసి
కొత్తేం లేదన్నట్టు మళ్ళిపోయింది.

పొద్దున డ్యూటీల గ్లౌజులు తొడుక్కుంటే
మణికట్టు మీద తెల్లటి చార.
నలభై ఏండ్లొచ్చినయి, విశాఖ దాకా ఎన్నడూ పోలే.
ఎవ్వరూ చూడకుండా నాకి చూసిన.

నిన్న గేటుకాడ సమ్మయ్య ఆపిండు.
ఎనకసీటు మీద మరక
ఎన్నిసార్లు కడిగినా ఆరంగనే మళ్ళ తేలుతున్నదట.
నేనేదో ఇస్తననుకొని
ఇంజను బంద్ చేసి నిలబడ్డడు.